మేడ మీదికి వెళ్లడం తప్పా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఒక ఆపద తెరిచిన దారిలోనే ఇంకో ఆపద వచ్చి పడినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారు, ఏ ఆధారంతో నిర్ణయాలు తీసుకుంటారు అన్న విషయంపై ప్రశ్నలు పంపమని కోరగా విజయవాడ, గుంటూరుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటిని ఇక్కడ ఇస్తున్నాము. ఉత్తరాలను కుదించాము, రాసినవారి పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం ఉదయం నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు మేము ఇల్లు వదలకుండా బియ్యం, గ్యాస్ బండ, పిల్లల బట్టలు మేడ మీదికి చేర్చుకున్నాము. ఆ తర్వాత కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, మామగారి మందులు అయిపోయాయి. పడవ దొరికి బయటపడేసరికి ఆయన బాగా నీరసించిపోయారు. ఇప్పటికీ బంధువులు కలిసినప్పుడల్లా ‘మొదటే వచ్చేసి ఉంటే ఇంత బాధ ఉండేదా’ అంటున్నారు. చదువుకున్నవాళ్లమై ఉండి మేము అంత తెలివితక్కువగా ప్రవర్తించామా? — ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: లేదమ్మా. ఆదివారం ఉదయం మీరు తీసుకున్న నిర్ణయాన్ని మీ బంధువులు మంగళవారం సాయంత్రానికి అందరికీ తెలిసిన సంగతులతో తూస్తున్నారు. ఈ రంగంలో పరిశోధన చేసేవారు అన్నిటికంటే ముందు వదిలించుకోవలసిన అలవాటు ఇదే.

ఆ రోజుల్లో జరిగింది ఒక్క వరద కాదు. ఆగస్టు 31న కుండపోత వాన కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మైలవరం వైపు నుంచి వచ్చే బుడమేరు వాగు పొంగింది. ఆ నీటిలో కొంత భాగాన్ని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపడానికి మళ్లింపు కాలువ ఉంది, కానీ కృష్ణ కూడా నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీరు సులువుగా దిగదు. కాలువ కట్టకు గండ్లు పడి నీరు సింగ్ నగర్, పాయకాపురం, ప్రకాశ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల మీదికి వచ్చింది. ఆదివారం మర్నాడు, అంటే సెప్టెంబరు 2న, బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల కంటే అది ఎక్కువ. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. హైదరాబాదు రహదారి మీదికి నీరు వచ్చి, రైలు పట్టాలు కొట్టుకుపోయి, బయటి నుంచి రావలసిన సాయానికి కూడా ఆటంకం కలిగింది. ముంపు ప్రాంతాల్లో కరెంటు తీసేశారు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, ట్యాంకులో నీళ్లు నిండవు, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతాయి, ఫ్రిజ్‌లో దాచుకున్న మందు పాడవుతుంది. వీటిలో ప్రతి ఒక్కటీ వేరే రకం ప్రమాదం, ప్రతి ఒక్కదానికీ వేరే జవాబు కావాలి.

ఇప్పుడు మీ ఆదివారం ఉదయానికి రండి. వీధిలో నీరు పెరుగుతోంది. ఎక్కడ కాలువ ఉందో, ఎక్కడ మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనిపించదు. ఇంట్లో నడవలేని పెద్దాయన, పిల్లలు ఉన్నారు. ఆ క్షణంలో మీ ముందున్న ప్రమాదం నీరు ఒక్కటే, దానికి పైఅంతస్తు సరైన జవాబు. వీధి అప్పటికే మునుగుతుంటే, ఇల్లు గట్టిదైతే, నీళ్లలో నడవడం కంటే పైకి వెళ్లడమే మేలని వరదల మీద పనిచేసేవారు కూడా చెబుతారు. అయితే అదే మేడ తర్వాతి రెండు రోజుల్లో కరెంటు, మంచినీళ్లు, మందులు అందని చోటుగా మారిపోయింది. మొదటి ఆపదకు తగిన నిర్ణయమే రెండో ఆపద ముందు మనల్ని కదలనీయకుండా పట్టి ఉంచడం ఇలాంటి విపత్తుల్లో పదే పదే కనిపిస్తుంది. దానికి తెలివి ఉండటంతో, లేకపోవడంతో సంబంధం లేదు.

‘చెప్పినా వినలేదు’ అనే నింద మీద కూడా చాలా అధ్యయనం జరిగింది. అమెరికాకు చెందిన మైకేల్ లిండెల్, రొనాల్డ్ పెర్రీ అనే ఇద్దరు పరిశోధకులు హెచ్చరిక విన్న మనిషి మనసులో నడిచే ప్రశ్నలను ఒక క్రమంలో పెట్టి చూపారు: ఇది నిజమేనా, నా దాకా వస్తుందా, ఏం చేస్తే తప్పించుకోగలను, అది చేయడం నా వల్ల అవుతుందా, ఇప్పుడే చేయాలా. ప్రతి మెట్టు దగ్గరా మనిషి ఆగి పక్కవారిని అడుగుతాడు, ఫోను చేస్తాడు, కిటికీలోంచి తొంగి చూస్తాడు. బయటివారికి ఇది తాత్సారంగా కనిపిస్తుంది గాని, సగం సమాచారంతో కుటుంబాన్ని నీళ్లలోకి దించే ముందు రూఢి చేసుకోవడం బాధ్యత గల మనిషి చేసే పనే. సింగ్ నగర్ ప్రాంతానికి 2005లో వచ్చిన బుడమేరు వరద జ్ఞాపకం కూడా ఉంది. ‘అప్పుడు ఇంతవరకే వచ్చింది’ అని గోడ మీద గుర్తు చూపించే పెద్దలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ అనుభవం విలువైనదే అయినా, గండ్లు పడిన వరదకు పాత గుర్తులు కొలత కాలేవు.

పక్కింటివారు కదలకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది. 1968లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో లతానే, డార్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాగితాలు నింపుతున్న మనుషులున్న గదిలోకి సన్నగా పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పొగను పట్టించుకోవద్దని ముందే చెప్పి ఉంచిన ఇద్దరి పక్కన కూర్చోబెట్టినప్పుడు అలా చెప్పినవారు 10 శాతమే. ఎదుటివారు నిశ్చింతగా ఉన్నారంటే వారికేదో తెలిసి ఉంటుందని మనం అనుకుంటాము, వారూ మన గురించి అదే అనుకుంటారు. మీ వీధిలో ఎన్ని మేడలు ఒకదాన్ని ఒకటి చూసి ఆగిపోయాయో ఆలోచించండి. అయితే ఆ తర్వాతి రోజుల్లో ఒకరి బియ్యం, ఒకరి స్టౌ కలిపి వంట చేసుకున్నదీ ఆ పక్కింటివారితోనే అయి ఉంటుంది.

ఇక మీ బంధువులు అడగదగిన ప్రశ్న ఒకటుంది, అది మొదటి నిర్ణయం గురించి కాదు. ఆదివారం మధ్యాహ్నానికి కరెంటు పోయి, నీరు తగ్గే సూచన లేనప్పుడు, ఉదయం తీసుకున్న నిర్ణయాన్ని తిరగదోడే వీలు మీకు ఉందా? 2011 మార్చి 11న జపాన్‌లోని కామయిషిలో బడిపిల్లలు భూకంపం రాగానే, సునామీ వస్తుందని ముందే నిర్ణయించిన చోటికి పరుగెత్తారు. అక్కడ వెనక కొండ జారుతుండటం చూసి ఇంకా ఎత్తైన చోటికి వెళ్లారు, అదీ చాలదనిపించి మరింత పైకి కదిలి ప్రాణాలు దక్కించుకున్నారు. ‘ముందుగా వేసిన అంచనాను నమ్మవద్దు’ అని వారికి ఏళ్ల తరబడి నేర్పినవారు అప్పట్లో గున్మా విశ్వవిద్యాలయంలో ఉన్న తొషితకా కతాదా. అదే రోజు ఒకావా ప్రాథమిక పాఠశాలలో పిల్లలను భూకంపం తర్వాత దాదాపు 50 నిమిషాలు ఆవరణలోనే ఉంచారు. ఆ బడిలోని 108 మంది విద్యార్థుల్లో 74 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. ఆవరణలోకి రావడం భూకంపానికి సరైన పని, సునామీకి అది పనికిరాలేదు. అయితే కామయిషి పిల్లలకు కాళ్ల కింద దారి ఉంది, మీకు వీధిలో పడవ లేదు. కాబట్టి మామగారి వంటి మనిషి ఇంట్లో ఉన్నప్పుడు రెండోసారి నిర్ణయించుకునే అవకాశం ఉంటుందనే భరోసా పెట్టుకోలేము. ఇన్సులిన్, డయాలసిస్, ఆక్సిజన్ మీద ఆధారపడినవారిని మాత్రం వరద ఖాయమని తేలకముందే, వర్షం హెచ్చరిక దశలోనే బంధువుల ఇంటికి పంపడం మంచిది. తీరా ఏమీ జరగకపోతే ఒక ఆటో ఖర్చుతో పోతుంది.

ప్రశ్న: నేను గుంటూరులో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. బుడమేరు వరదలో ప్రజల నిర్ణయాల మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ‘మీరు ఎందుకు ఖాళీ చేయలేదు’ అనే ప్రశ్నతో మొదలయ్యే 40 ప్రశ్నల పత్రం తయారు చేశాను. ఇది సరిపోతుందా? — ఒక విద్యార్థి, గుంటూరు

సమాధానం: ఆ మొదటి ప్రశ్నను కొట్టివేయండి. ‘ఎందుకు చేయలేదు’ అనగానే ఎదుటి మనిషి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతాడు, మీకు దొరికేది జరిగిన సంగతి కాక, తర్వాత కట్టుకున్న కారణం. బారూక్ ఫిషాఫ్ అనే పరిశోధకుడు 1975లో ఒక చిన్న ప్రయోగంతో దీని లోతు చూపించారు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రిటిషువారికీ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించిన వివరణను కొందరికి చదవడానికి ఇచ్చి, ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క ఫలితం చెప్పారు. ఎవరికి ఏ ఫలితం చెబితే వారికి అదే ముందునుంచీ స్పష్టంగా కనిపించినట్లు తోచింది. యుద్ధం గురించి చదివినవారికే ఇలా ఉంటే, సొంత ఇల్లు మునిగినవారి సంగతి చెప్పనక్కరలేదు.

బదులుగా గంటల వారీగా నడిపించండి. ‘ఆదివారం నిద్ర లేచినప్పుడు నీళ్లు ఎక్కడున్నాయి? ఎవరితో మాట్లాడారు? వారు ఏమన్నారు? అప్పుడేం చేశారు?’ అని అడగండి. గడియారం సమయం ఎవరికీ గుర్తుండదు గాని, ఆనవాళ్లు గుర్తుంటాయి: కరెంటు పోయినప్పుడు, పాలప్యాకెట్లు రాని ఉదయం, హెలికాప్టర్ మొదట కనిపించినప్పుడు, డ్రోను ఆహార పొట్లాలు వేసినప్పుడు. ఇంకా మంచి సాక్ష్యం వారి ఫోనులోనే ఉంటుంది. ఆ రోజు తీసిన ఫొటోలు, చేసిన కాల్స్, వాట్సాప్ సందేశాలు సమయంతో సహా ఉంటాయి. అనుమతి అడిగి వాటిని చూస్తూ మాట్లాడితే జ్ఞాపకం వంకర పోయిన చోట సరిచేసుకోవచ్చు. ఆ పట్టికను బ్యారేజీ నీటి ప్రవాహ లెక్కల పక్కన, అధికారుల ప్రకటనల పక్కన పెట్టండి. ఏ గంటకు ఎవరికి ఏం తెలుసో, ఎవరికి ఏం తెలియదో అప్పుడు బయటపడుతుంది. నిర్ణయం బాగుందా లేదా అన్న తీర్పు ఆ తర్వాతే, అవసరమైతేనే.

రెండో సంగతి, మీరు ఎవరిని కలవలేకపోతారన్నది. వరద తర్వాత ఇంటింటికీ వెళితే దొరికేవారు తిరిగి వచ్చినవారు, ఎక్కువగా సొంత ఇల్లు ఉన్నవారు. కింది వాటాలో అద్దెకుండి అన్నీ పోగొట్టుకుని ఊరు మారినవారు దొరకరు. వలస కూలీలు దొరకరు. చనిపోయినవారి నిర్ణయాలు మనకు ఎన్నటికీ తెలియవు. మన పట్టణాల్లో పైవాటాలో యజమాని, కింది వాటాలో అద్దెదారు ఉండే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అద్దెదారు ‘పైకి వెళ్లాలి’ అనే నిర్ణయం తీసుకోవాలంటే పైన ఉన్నవారి తలుపు తెరుచుకోవాలి. దీన్ని ‘వ్యక్తి ఎంపిక’ కింద రాస్తే అబద్ధం రాసినట్లే. విదేశీ నమూనాలను యథాతథంగా తెచ్చి వాడేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడేనని నా అభిప్రాయం. అక్కడ కారు ఉందా లేదా అన్న ప్రశ్న ముందుంటుంది, ఇక్కడ తలుపు కొట్టగలిగే చనువు ఉందా లేదా అన్నది ముందుండాలి. పెంపుడు జంతువులను వదిలి రాలేక ఆగిపోయినవారి గురించి 2005 నాటి కత్రినా తుపాను తర్వాత అమెరికాలో మరుసటి ఏడాదే చట్టం చేశారు. మన దగ్గర గేదె, కుట్టుమిషను, తాకట్టులో ఉన్న ఆటో, బీరువాలోని ఇంటి కాగితాలు, దొంగల భయం అదే పాత్ర పోషిస్తాయి. అడిగి చూడండి.

మూడోది, బాధితులను మాత్రమే ప్రశ్నించి ఊరుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన పెస్కరోలి, అలెగ్జాండర్ 2015లో రాసిన వ్యాసంలో ఇలాంటి విపత్తులను వరుసలో నిలబెట్టిన పేకముక్కలు ఒకదాని మీద ఒకటి పడటంగా ఊహించుకోవద్దన్నారు. నిజానికి ఆపద కొమ్మలుగా చీలుతుంది, ఆ చీలే చోట్లు సాధారణంగా సమాజంలో అప్పటికే బలహీనంగా ఉన్న చోట్లు. అక్కడ నిలబడి ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు. నీళ్లలో తీగలు తెగిపడి జనం చనిపోకుండా ఒక సబ్‌స్టేషన్ ఉద్యోగి కరెంటు తీసేస్తాడు. అది ముమ్మాటికీ సరైన పని. దానివల్లే కొన్ని గంటలకు ఆ ప్రాంతపు ఫోన్లు మూగబోయి, పడవ కోసం పిలిచే దారి మూసుకుపోతుంది. ఒకరి జాగ్రత్త మరొకరికి ఆపదగా మారిన చోటు అది. కాబట్టి లైన్‌మన్, రెగ్యులేటర్ (కాలువలోకి నీటిని వదిలే గేట్లు) దగ్గర పనిచేసినవారు, మందుల షాపు యజమాని, ఫ్లైఓవర్ దగ్గర పడవ నడిపినవారు, పాల వ్యాను డ్రైవరు మీ జాబితాలో ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగులు తమ మీద విచారణ అనుకుని నోరు విప్పరు. వారి నుంచి తప్పొప్పులు కాకుండా గంటల వారీ పని మాత్రమే అడిగితే కొంత చెబుతారు.

సునామీ దెబ్బకు అణు కేంద్రం ప్రమాదంలో పడిన జపాన్‌లోని ఫుకుషిమా ఇందుకు పెద్ద ఉదాహరణ. 2011 మార్చి 11 రాత్రి అణు కేంద్రం చుట్టూ 3 కిలోమీటర్ల లోపలివారిని కదలమన్నారు, మర్నాడు తెల్లవారుజామున 10 కిలోమీటర్లు, సాయంత్రానికి 20 కిలోమీటర్లు అన్నారు. ప్రతి ఆజ్ఞా ఆ గంటకు జాగ్రత్తగానే కనిపించింది. కానీ ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారిని సరైన ఏర్పాటు లేకుండా బస్సుల్లో తిప్పడంతో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆ రాష్ట్రంలో భూకంపం, సునామీల వల్ల నేరుగా చనిపోయినవారు సుమారు 1,600 మంది కాగా, తరలింపు, చికిత్స అందకపోవడం, శిబిరాల జీవితం వంటి కారణాలతో తర్వాత చనిపోయినవారి సంఖ్య 2,300కు పైగా నమోదైంది. ‘కదలండి’ అన్న నిర్ణయం కూడా ప్రాణాలు తీయగలదని ఈ లెక్క చెబుతుంది. మీరు మాత్రం ‘ఎందుకు కదలలేదు’ అనే ప్రశ్నతో మొదలుపెడుతున్నారు.

సెల్‌ఫోన్ల స్థాన సమాచారంతోనూ, కంప్యూటరు నమూనాలతోనూ ఈ పరిశోధన చేసేవారు ఉన్నారు. మనుషులు ఎటు కదిలారో వాటి వల్ల తెలుస్తుంది, ఎందుకు కదిలారో తెలియదు, పైగా టవరు పడిపోయాక అదీ తెలియదు. ‘వరద వస్తే ఏం చేస్తారు’ అని ముందుగా అడిగి రాసుకునే సర్వేల్లో జనం చెప్పేదానికీ ఆ రోజు చేసేదానికీ తేడా ఉంటుంది. కనుక ఏ ఒక్క పద్ధతినీ నమ్ముకోవద్దు. మీ 40 ప్రశ్నల్లో పది ఉంచుకుని, మిగిలిన సమయం వినడానికి కేటాయించండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ప్రభుత్వ ఉద్యోగిని. ఖచ్చితంగా తేలని విషయాలను ప్రజలకు చెబితే భయంతో తొక్కిసలాట జరుగుతుందని మా సర్వీసులో నేర్చుకున్నాము. 2024లో కూడా బ్యారేజీ గేట్లకు పడవలు తగిలాయనగానే ‘గేట్లు కొట్టుకుపోయాయి’ అని మా వీధిలో పుకారు లేచింది. అందుచేత సమాచారాన్ని ఆచితూచి విడుదల చేయడమే మంచిది కదా? — ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అయ్యా, మీరు చెప్పిన నమ్మకం అధికార వర్గాల్లో చాలా బలంగా ఉంది, పరిశోధన మాత్రం దాన్ని సమర్థించడం లేదు. అమెరికాలో 1963లో విపత్తు పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినవారిలో ఒకరైన ఎన్రికో క్వారంటెల్లి దశాబ్దాల పాటు వందలాది సంఘటనలను పరిశీలించి, విపత్తుల్లో జనం పిచ్చెత్తినట్లు పరుగెత్తడం అరుదని తేల్చారు. మూసుకుపోతున్న దారి ఒకటే ఉండి, మరో దారి లేదని తోచినప్పుడు అలాంటిది జరగవచ్చు. లేకపోతే మనుషులు సాధారణంగా భయపడుతూనే తమవారిని వెతుకుతారు, పక్కవారికి చేయందిస్తారు, అవసరానికి మించి ఆలస్యం చేస్తారు. ప్రమాదం భయంలో కంటే నమ్మకపోవడంలోనే ఎక్కువ.

విపత్తులను పరిశీలించే ఈ శాస్త్రం పుట్టుకే ఒక గొలుసు విపత్తుతో, అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చిపడిన ఆపదలతో, ముడిపడి ఉంది. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ ఓడరేవులో మందుగుండు నింపిన ఓడ ఇంకో ఓడను ఢీకొని అంటుకుంది. ఓడలో ఏముందో ఊరికి తెలియదు. మంట చూడటానికి జనం ఒడ్డుకు, కిటికీల దగ్గరికి చేరారు. కొద్దిసేపటికి ఓడ పేలి సుమారు 2,000 మంది చనిపోయారు, అద్దాలు పగిలి ఎందరో చూపు పోగొట్టుకున్నారు. ఇంతలో సైనిక స్థావరంలోని మందుగుండు గిడ్డంగి కూడా పేలుతుందన్న వార్త పాకి, గాయపడనివారు బహిరంగ స్థలాలకు తరలిపోగా సహాయం కొంతసేపు కుంటుపడింది. మర్నాడు మంచు తుపాను వచ్చింది. ఆ ఊళ్లో మతాచార్యుడిగా ఉన్న శామ్యూల్ హెన్రీ ప్రిన్స్ ఆ అనుభవం మీదనే 1920లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథం రాశారు. గిడ్డంగి వార్తను చూపి ‘పుకారు ఎంత చేటు చేసిందో చూడండి’ అని మీరు అనవచ్చు. కానీ ఒక ఓడ కళ్ల ముందే పేలిన తర్వాత, ఇంకొకటి పేలుతుందంటే నమ్మడంలో తెలివితక్కువతనం ఏముంది? మొదటి ఓడ గురించి ముందే తెలిసి ఉంటే ఎందరో కిటికీల దగ్గర నిలబడేవారు కాదు.

పుకారు ఖాళీలో పుడుతుంది. పడవలు గేట్లను ఢీకొన్న మాట నిజం, కాంక్రీటు బరువు దిమ్మెలు దెబ్బతిన్న మాట నిజం. ‘బ్యారేజీ సుమారు 11.9 లక్షల క్యూసెక్కులకు కట్టినది, ఇప్పుడు ప్రవాహం ఇంత, దెబ్బ తగిలింది ఫలానా భాగానికి, మళ్లీ రెండు గంటలకు చెబుతాము’ అని ఎవరైనా మీ వీధికి చెప్పి ఉంటే పుకారుకు అంత చోటు ఉండేది కాదు. తేలని విషయాన్ని తేలలేదని చెబుతూనే తెలిసినంత చెప్పవచ్చు. చెప్పకపోతే ఏమవుతుందో జపాన్‌లో నమీయె పట్టణ ప్రజలకు తెలుసు. 2011లో ఫుకుషిమా అణు కేంద్రం నుంచి దూరంగా వెళ్లాలని వారు వాయవ్యంగా ఉన్న త్సుషిమా ప్రాంతానికి చేరారు. గాలి ఆ దిక్కుకే రేడియోధార్మికతను మోసుకెళ్లింది. గాలి వాటాన్ని అంచనా వేసే కంప్యూటరు వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉన్నా, ఆ అంచనాలు సమయానికి వారికి చేరలేదు. వారు బుద్ధిగా, క్రమశిక్షణతో, తెలిసినదాన్ని బట్టి నడుచుకుని ప్రమాదంలోకి వెళ్లారు.

భయపడి తప్పు నిర్ణయాలు తీసుకునేది కొన్నిసార్లు పై స్థాయివారే అని లీ క్లార్క్, కారన్ చెస్ అనే అమెరికా పరిశోధకులు 2008లో రాశారు. కత్రినా తుపాను తర్వాత న్యూ ఓర్లియన్స్‌లో దోపిడీలు, హత్యలు జరుగుతున్నాయన్న కథలు వ్యాపించగా, జనాన్ని కాపాడే పనిలో ఉన్న 1,500 మంది పోలీసులను మేయరు ఆ పని ఆపించి దోపిడీలు అరికట్టడానికి పంపారు. ఆ కథల్లో చాలా భాగం నిజం కాదని తర్వాత తేలింది. అప్పటికి ఇళ్ల కప్పుల మీద ఇంకా మనుషులు ఉన్నారు. మీ సర్వీసులో నేర్పిన పాఠాన్ని ఈ వైపు నుంచి కూడా ఒకసారి చూడమని మనవి.

ప్రశ్న: ఈమధ్య ఫోను ఒక్కసారిగా పెద్ద శబ్దం చేసి ప్రభుత్వ హెచ్చరిక చూపిస్తోంది. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా? — ఒక గృహిణి, గుంటూరు

సమాధానం: ఉంది. 2023 నుంచి మన దేశంలో పరీక్షించిన ఈ పద్ధతిలో ఒక టవరు పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం వెళుతుంది. కరెంటు పోకముందు, టవరు పనిచేస్తున్నప్పుడు మాత్రమే ఉపయోగం. సందేశంలో వీధి పేరు, చేయవలసిన పని, గడువు లేకపోతే శబ్దం విన్నవారు మళ్లీ పక్కింటివారినే అడుగుతారు.

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో ఉంటాడు. 2020 మే 7న గ్యాసు లీకైనప్పుడు ‘లాక్‌డౌన్ ఉంది, బయటికి వస్తే పోలీసులు కొడతారేమో’ అని ముందు భయపడ్డారట. రెండు ఆదేశాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నప్పుడు మనిషి ఏది పాటించాలి? విజయవాడలో మా ఇంటికి ఇలాంటి పరిశోధనలు చేసేవారు ఇప్పటికే పలుమార్లు వచ్చారు. వారికి ఇవన్నీ చెప్పాలా? — ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: విశాఖ సంఘటనలో కూడా గొలుసు స్పష్టంగా కనిపిస్తుంది. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ వారాల తరబడి నడవలేదు, ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయన ద్రవం) వేడెక్కింది, తెల్లవారుజామున ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం వైపు పాకింది. అదే లాక్‌డౌన్ వల్ల అందరూ ఇళ్లలోనే ఉన్నారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. హెచ్చరిక సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీ కూడా గుర్తించింది. ఒక మహమ్మారికి ‘ఇంట్లోనే ఉండండి’ అన్నది సరైన మాట, విషవాయువు ఇంట్లోకి వస్తున్నప్పుడు అది పనికిరాదు. ఏ ఆదేశం ఏ ప్రమాదం కోసం పుట్టిందో గుర్తు తెచ్చుకుని, నిమిషాల్లో ప్రాణం తీసేదానికి ముందు జవాబు చెప్పాలి. అక్కడివారు చాలామంది చేసింది అదే, లాక్‌డౌన్ పక్కన పెట్టి పరుగెత్తారు, పడిపోయినవారిని తెలియనివారు మోసుకెళ్లారు. గాలికి అడ్డంగా వెళ్లాలని, స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి పల్లంలో ఆగకూడదని వారికి ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. ఫ్యాక్టరీ పక్కన ఉండేవారికి ఆ ఒక్క పాఠం గోడ మీద రాసి పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత?

ఇక పరిశోధకుల సంగతి. చెప్పాలన్న నిర్బంధం మీకు లేదు. ఏ సంస్థ తరఫున వచ్చారో, ఎవరు డబ్బిస్తున్నారో, మీ పేరు ఎక్కడ ఉంటుందో, ఫలితం మీకు తెలుగులో ఇస్తారో లేదో ముందు అడగండి. మధ్యలో ఆపేసే హక్కు కూడా మీదే. ఒకే ఇంటికి వేర్వేరు కాలేజీలవారు వచ్చి ఒకే ప్రశ్నలు అడగడం ఈ రంగంలో పాత జబ్బు, దానికి మందు పరిశోధకుల దగ్గరే ఉంది. ఇంతకుముందు వచ్చినవారి కాగితం మీ దగ్గర ఉంటే కొత్తవారికి చూపించి, ‘ముందు దీన్ని చదివి, ఇందులో లేనిది ఏదైనా ఉంటే అడగండి’ అని చెప్పండి. ఏ గంటకు ఏం జరిగిందో మీ కుటుంబం కోసం మీరే ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకుంటే, ఎవరు వచ్చినా దాని నకలు ఇచ్చి పంపవచ్చు.